ముట్టుకునే ముందు తేల్చుకో: ఎలక్ట్రిషియన్ పని నేర్చుకునేవారి ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఎలక్ట్రిషియన్ పనిలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లవి. చేరాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లూ, వాళ్ల అమ్మానాన్నలూ రాశారు. నేను ఈ పని చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి శిక్షణ వర్క్‌షాపులో కొత్త పిల్లలకు నేర్పుతూ వస్తున్నాను. అందుకే ఒక్కో ఉత్తరం చదువుతుంటే నా ముందు బెంచీ మీద కూర్చున్న పిల్లలెవరో అడుగుతున్నట్టే అనిపించింది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. కొన్నిటికి పెద్ద జవాబు రాయాల్సి వచ్చింది, కొన్నిటికి నాలుగు మాటలు సరిపోయాయి.

ప్రశ్న: మాస్టారూ, నేను శిక్షణలో చేరి కొన్ని నెలలైంది. గోడకు గాడి కొట్టడం, పైపుల్లో వైరు లాగడం, వైరు చివరలు ఒలవడం, ఇంతే పని. వేరే చోట చేరిన నా స్నేహితుడు అప్పుడే డీబీలు (ఇంట్లోని సర్క్యూట్లకు కరెంటు పంచే బ్రేకర్ల పెట్టెలు) బిగించేస్తున్నాడట. నేను వెనకబడిపోతున్నానని టెన్షన్‌గా ఉంది. అసలు పని ఎప్పుడు నేర్పుతారు?

జవాబు: బాబూ, నీకు రోజూ నేర్పుతున్నదే అసలు పని. వైరు చివర ఒలిచి బిగించడం గురించి కాస్త వివరంగా చెప్తాను. అది అర్థమైతే నీ టెన్షన్ సగం తగ్గుతుంది.

గోడలో, పైపు లోపల ఉన్న వైరు మామూలుగా ఎవరి జోలికీ రాదు. సరైన సైజుది వేసి, లాగేటప్పుడు ఇన్సులేషన్ గీసుకుపోకుండా చూస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. గొడవంతా చివర్ల దగ్గరే. స్విచ్చు, సాకెట్, సీలింగ్ రోజ్, జంక్షన్ బాక్స్, బ్రేకర్... వైరు ఎక్కడ స్క్రూ కిందికి దూరుతుందో అక్కడ. ఒక్క ఇంట్లోనే అలాంటి చివరలు ఎన్నో ఉంటాయి. వాటిలో ఒకటి వదులైతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం.

గట్టిగా బిగించిన చివర దగ్గర రెసిస్టెన్స్ దాదాపు లేనట్టే, ఓమ్‌లో వెయ్యో వంతుల్లో ఉంటుంది. వదులైన చోట అది అర ఓమ్ అయిందనుకో. ఆ వైరులో 10 ఆంపియర్లు పారుతున్నాయనుకో. కరెంటును కరెంటుతోనే గుణించి, దాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే అక్కడ పుట్టే వేడి తెలుస్తుంది. జౌల్ 1841లో ప్రచురించిన సూత్రం ఇది. 10ని 10తో గుణిస్తే 100, అందులో సగం 50. అంటే 50 వాట్లు. ఎలక్ట్రానిక్స్ పనిలో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. సోల్డర్‌ను కరిగించడానికి ఆ వేడి చాలు. దానికి రెట్టింపు వేడి వేలిగోరంత చోట, ప్లాస్టిక్ మధ్య, గాలి ఆడని పెట్టెలో పుడుతోందన్నమాట. లోడు పెరిగి కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది.

ఇందులో భయపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దీన్ని బ్రేకర్ పట్టుకోదు. సర్క్యూట్‌కు ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే చిన్న బ్రేకర్, పారుతున్నది 10 ఆంపియర్లు. అది ఎందుకు పడిపోతుంది? ఎర్త్‌లోకి కరెంటు కారితే సప్లయి తెంచే ఆర్‌సీసీబీ కూడా పట్టుకోదు, ఎందుకంటే ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోంది, ఎర్త్‌లోకి ఏమీ కారడం లేదు. ఈలోగా వేడికి రాగి నల్లబడుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, ఇన్సులేషన్ మాడుతుంది. ఆ ఇంటివాళ్లకు ఎప్పుడో ఒకసారి లైటు మినుకుమినుకుమనడమో, స్విచ్‌బోర్డు దగ్గర మాడు వాసనో తెలుస్తుంది. అదీ తెలియకపోతే మంట తెలుస్తుంది. మధ్యలో ఆపే పరికరం సాధారణంగా ఆ ఇంట్లో ఏదీ ఉండదు. బిగించిన రోజు ఆ చెయ్యి పని సరిగా చేసిందా లేదా, అంతే.

అందుకే నా దగ్గర చేరినవాళ్లకు మొదట వైరు ముక్కలు, రకరకాల టెర్మినళ్లు ఇచ్చి కూర్చోబెడతాను. ఒలిచేటప్పుడు బ్లేడు రాగి మీద గీత పెట్టకూడదు. ఒంటి పోగు వైరుకు గీత పడితే వంచినప్పుడు అక్కడే విరుగుతుంది. ఏడు పోగుల వైరులో రెండు తెగాయంటే ఆ చివర దగ్గర రాగి దాదాపు 30 శాతం తగ్గిపోయినట్టే. ఒలిచింది తక్కువైతే స్క్రూ ఇన్సులేషన్ మీద కూర్చుంటుంది. చేతికి గట్టిగానే తగులుతుంది, లోపల రాగి పట్టు ఉండదు. ఎక్కువైతే రాగి బయటికి కనిపిస్తుంది. స్క్రూ చుట్టూ వంపు తిప్పాల్సిన చోట స్క్రూ బిగిసే వైపే తిప్పాలి, లేకపోతే బిగించే కొద్దీ వంపు విప్పుకుంటుంది. సన్న పోగుల వైరుకు ఫెరూల్ (చివరకు తొడిగే చిన్న లోహపు గొట్టం) గానీ లగ్ (స్క్రూ కింద పెట్టే లోహపు కొస) గానీ వేసి క్రింప్ చెయ్యాలి, అంటే గట్టిగా నొక్కి బిగించాలి. పోగులన్నీ కలిపి సోల్డర్ చేసి స్క్రూ కింద పెట్టడం చాలామంది గట్టి పని అనుకుంటారు. అది తప్పు. సోల్డర్ మెత్తటిది, ఒత్తిడికి మెల్లగా జారుతుంది, కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది. అల్యూమినియం వైరు కూడా ఒత్తిడికి అలాగే జారుతుంది. పైగా దాని మీద పట్టే ఆక్సైడ్ పొర కరెంటును అడ్డుకుంటుంది. అందుకని దాన్ని రాగితో కలిపి నేరుగా ఒకే స్క్రూ కింద పెట్టకూడదు, రెండిటికీ సరిపడే లగ్గులు వేరే ఉంటాయి. బ్రేకర్ల విషయంలో స్క్రూను ఎంత బలంతో బిగించాలో తయారీదారులే న్యూటన్ మీటర్లలో చెబుతారు. అది చదివి, టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించు. బిగించాక ప్రతి వైరునూ పట్టుకుని ఒకసారి లాగి చూడు. ఊడితే ఇప్పుడే ఊడాలి.

వైరు లాగడం కూడా చిన్న పని కాదు. పైపు నిండా కుక్కితే వేడి బయటికి పోదు, లాగేటప్పుడు వైరు గీసుకుపోతుంది. అమెరికా నియమావళి పైపులో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వైర్లుంటే లోపలి జాగాలో 40 శాతానికి మించి నింపొద్దంటుంది. గాడి విషయానికొస్తే, స్విచ్చు నుంచి నిటారుగా గానీ అడ్డంగా గానీ కొట్టించేది అందం కోసం కాదు. రేపు ఎవరో గోడకు మేకు కొట్టేటప్పుడు లోపల వైరు ఎటు వెళ్తుందో అంచనా వేసుకునే వీలుండాలి. ఏటవాలు గాడి ఆ వీలు పోగొడుతుంది.

నీ స్నేహితుడి గురించి ఒక్క మాట. అతను డీబీ బిగించాక ఎవరు టెస్ట్ చేస్తున్నారో అడుగు. ఎర్త్ కంటిన్యుటీ, అంటే ఎర్త్ వైరు ఎక్కడా తెగలేదని చూశారా? 500 వోల్టుల డీసీతో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచి కనీసం 1 మెగాఓమ్ ఉందని చూసుకున్నారా? ఫేజు, న్యూట్రల్ తారుమారు కాలేదని చూశారా? ఇవన్నీ ఒక పెద్దాయన పక్కనుండి చేయిస్తుంటే అతను అదృష్టవంతుడు. ఎవరూ చూడకుండా బిగించి వదిలేస్తుంటే అతను ముందుకు వెళ్లినట్టు కాదు, ప్రమాదంలో ఉన్నట్టు. నువ్వు మాత్రం మీ పెద్దవాళ్లను ఒకటి అడుగు: టెస్టింగ్ రోజున నన్ను కూడా పక్కన నిలబెట్టుకోండి, రీడింగులు నేను రాస్తాను అని. కాదనేవాళ్లు తక్కువ.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి ఎలక్ట్రిషియన్ పని నేర్చుకుంటానంటున్నాడు. కరెంటుతో పని అనగానే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. పంపించమంటారా?

జవాబు: అమ్మా, మీ భయం ఉత్తుత్తి భయం కాదు. దాన్ని కొట్టిపారేసే మాస్టారి దగ్గరికి మీ అబ్బాయిని పంపకండి.

కొన్ని అంకెలు చెప్తాను. శరీరంలోంచి 1 మిల్లీ ఆంపియర్ పారితే జివ్వుమని తెలుస్తుంది. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. 30 దాటి కాస్త సమయం పారితే ఊపిరికీ గుండె లయకూ ప్రమాదం. 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు 230 వోల్టుల మీద 40 మిల్లీ ఆంపియర్ల పైనే కావాలి. అంటే ఒక చిన్న బల్బును వెలిగించేంత కరెంటు మనిషి ప్రాణం తీయగలదు. 16 ఆంపియర్ల బ్రేకర్ దీన్ని గమనించనైనా గమనించదు; అది వైర్లను కాపాడటానికి ఉన్నది. మనిషిని దృష్టిలో పెట్టుకుని పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అంత కరెంటు ఎర్త్‌లోకి కారితే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సప్లయి తెంచాలి. కానీ రెండు చేతులతో ఫేజునూ న్యూట్రల్‌నూ పట్టుకుంటే అదీ కాపాడలేదు, ఎందుకంటే దానికి మనిషి కూడా ఒక బల్బు లాగే కనిపిస్తాడు.

కాబట్టి ఈ పనిలో ప్రాణం పరికరం మీద కాదు, అలవాటు మీద ఆధారపడుతుంది. కొత్తవాళ్లకు నేను పట్టుబట్టి నేర్పే వరుస ఇది. సప్లయి ఆపాలి. ఆపిన చోట తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులోనే పెట్టుకోవాలి, ‘పని జరుగుతోంది’ అని చీటీ తగిలించాలి. తర్వాత టెస్టర్‌ను కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, అది పని చేస్తోందని చూసుకోవాలి. అప్పుడు పని చేయబోయే చోట ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడాలి. మూడూ చూశాక టెస్టర్‌ను మళ్లీ తెలిసిన చోట పెట్టి చూడాలి. ఈ చివరిది ఎందుకని పిల్లలు అడుగుతారు. మధ్యలో టెస్టర్ పాడైతే అది ‘కరెంటు లేదు’ అనే చూపిస్తుంది కాబట్టి. ఇన్వర్టర్, సోలార్, జనరేటర్ ఉన్న చోట మెయిన్ ఆపినా రెండో దారిలో కరెంటు రావచ్చు. ఆ దారులన్నీ ముందే వెతికి మూయాలి.

మీరు శిక్షణ ఇచ్చే చోటికి వెళ్లి కొన్ని అడగండి. పిల్లలు ప్రాక్టీసు చేసే బోర్డులకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, దాని టెస్ట్ బటన్ ఎవరు, ఎన్నాళ్లకొకసారి నొక్కుతారు? తాళాలు ఇస్తారా? ఒక మాస్టారి కింద ఎంతమంది పిల్లలు? షాక్ కొట్టినవాడిని ముట్టుకోకుండా ముందు సప్లయి ఆపడం, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం పిల్లలందరికీ చేసి చూపించారా? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా, చూపించి మరీ జవాబు చెప్పే చోటైతే పంపండి. ‘మేం ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏం కాదమ్మా’ అని తేల్చేస్తే ఇంకో చోటు వెతకండి.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. దుకాణంలో పని మానేసి ఇందులోకి రావాలనుకుంటున్నాను. ఆలస్యమైందా?

జవాబు: కాలేదు. పెద్ద వయసులో వచ్చినవాళ్లు టెర్మినల్ దగ్గర ఓపికగా ఉంటారు, ఇంటివాళ్లతో మాట్లాడటం వాళ్లకు ముందే తెలుసు. రెండు సంగతులు చూసుకోండి. మోకాళ్లూ భుజాలూ సహకరించాలి: నిచ్చెన మీద చేతులు పైకెత్తి, నేల మీద కూర్చుని, ఇరుకు అటకల్లో పని ఉంటుంది. రెండోది, నేర్చుకునే కాలం చిన్నది కాదు. జర్మనీలో మూడున్నరేళ్లు పెడతారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 8,000 గంటలు పనిలో గడపాలి, అంటే సుమారు నాలుగేళ్లు. ఆ కాలమంతా రాబడి తక్కువగా ఉంటుందని ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

ప్రశ్న: సార్, లెక్కల్లో నేను ఎప్పుడూ బొటాబొటిగానే గట్టెక్కాను. ఎలక్ట్రిషియన్‌కు లెక్కలు బాగా రావాలంటున్నారు. ఆడపిల్లని, పైగా లెక్కలు రావు, నావల్ల అవుతుందా?

జవాబు: తల్లీ, ఆడపిల్లవైతే ఏమిటి? టెర్మినల్‌కు ఆ సంగతి తెలియదు. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయిలు చేసిన ప్యానళ్లలో వైర్లు దువ్వినట్టు ఉండేవి. లెక్కల సంగతి చూద్దాం.

మొదటి ఏడాదికి కావలసినవి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, శాతాలు, వర్గం చేయడం. ఓమ్ 1827లో చెప్పిన సూత్రం ఒకటి: వోల్టేజి అంటే కరెంటును రెసిస్టెన్స్‌తో గుణించినది. పవర్ సూత్రం ఇంకొకటి: వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించినవి. ఈ రెండిటితో ఎంత దూరం వెళ్లొచ్చో చూడు.

2,000 వాట్ల వాటర్ హీటర్, సప్లయి 230 వోల్టులు. 2,000ను 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో భాగిస్తే దాని రెసిస్టెన్స్ 26.4 ఓమ్‌లు. ఇప్పుడు సప్లయి 200 వోల్టులకు పడిపోయిందనుకో. హీటర్ రెసిస్టెన్స్ దాదాపు మారదు. 200ను 200తో గుణించి 26.4తో భాగిస్తే సుమారు 1,515 వాట్లు. వోల్టేజి తగ్గింది 13 శాతమే, వేడి మాత్రం దాదాపు నాలుగో వంతు తగ్గింది! ‘నీళ్లు తొందరగా కాగడం లేదు, హీటర్ పాడైందేమో’ అని పిలిచినవాళ్లకు నువ్వు హీటర్ విప్పకుండానే కారణం చెప్పగలవు.

ఇంకాస్త ముందుకు పోదాం. ఆ హీటర్ డీబీ నుంచి 20 మీటర్ల దూరంలో ఉంది. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు మీటరుకు సుమారు 7.4 మిల్లీ ఓమ్‌లు. వెళ్లేది 20 మీటర్లు, వచ్చేది 20 మీటర్లు. మొత్తం 40 మీటర్లకు 0.3 ఓమ్‌లు. దాన్ని 8.7తో గుణిస్తే 2.6 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 1 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే 6 వోల్టుల పైగా పోతాయి, ఆ పోయిందంతా గోడలో వేడిగా మారుతుంది. వైరు సైజు ఎందుకు చూసుకోవాలో పుస్తకం కంటే ఈ లెక్కే గట్టిగా చెబుతుంది.

పైపు వంచడంలో జ్యామితి కూడా ఇంతే తేలిక. గోడ మీద అడ్డుపడిన దేన్నైనా తప్పించడానికి పైపును 10 సెంటీమీటర్లు పక్కకు జరపాలి, వంపులు 30 డిగ్రీలవి. రెండు వంపుల మధ్య దూరం దానికి రెట్టింపు, 20 సెంటీమీటర్లు. 30 డిగ్రీల సైన్ విలువ సగం కాబట్టి రెట్టింపు వచ్చింది. బడిలో ఆ సైన్ పట్టిక దేనికో ఎవరూ చెప్పకపోవడం వల్ల నీకు లెక్కలు రావనిపించి ఉంటుంది. చేతిలో పైపు పట్టుకుని చూస్తే అదే లెక్క వేరుగా కనిపిస్తుంది. రోజుకు రెండు లెక్కలు నీ ఇంట్లోని వస్తువుల మీదే వేసుకో. ప్రతి దాని వెనకా రేటింగ్ ప్లేట్ ఉంటుంది, వాట్లూ వోల్టులూ అక్కడే రాసి ఉంటాయి.

ప్రశ్న: న్యూట్రల్‌ను ముట్టుకుంటే షాక్ కొట్టదని చదివాను. కానీ మా సీనియర్ ఒకాయన న్యూట్రల్ వైరు విప్పుతుంటే గట్టిగా కొట్టింది. ఇదెలా?

జవాబు: చాలా మంచి ప్రశ్న. చదివింది సగం నిజం. న్యూట్రల్ సరఫరా వైపు ఎర్త్‌కు కలిపి ఉంటుంది కాబట్టి, వైరు ఎక్కడా తెగకుండా ఉన్నంతసేపు దాని వోల్టేజి ఎర్త్‌కు దగ్గరగా ఉంటుంది. దాన్ని విప్పిన క్షణంలో కథ మారిపోతుంది.

ఒక బల్బు వెలుగుతోందనుకో. ఫేజు బల్బులోకి వెళ్లి, న్యూట్రల్‌గా బయటికి వస్తోంది. ఆ న్యూట్రల్‌ను మధ్యలో విప్పావు. బల్బు ఆరిపోయింది, చూసేవాళ్లకు కరెంటు పోయినట్టే ఉంది. కానీ బల్బు వైపు ఉన్న చివరకు ఫేజు ఇంకా బల్బు గుండా తగులుతూనే ఉంది. కరెంటు పారడం లేదు కాబట్టి బల్బులో వోల్టేజి తగ్గదు, ఆ చివర మీద పూర్తి 230 ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే బల్బూ నువ్వూ ఒకే దారిలో వరుసగా నిలబడినట్టు. ఒక చేత్తో ఆ చివరనూ, ఇంకో చేత్తో రెండో చివరనూ పట్టుకుంటే కరెంటు నీ ఛాతీ గుండా వెళ్లి న్యూట్రల్‌లోనే కలుస్తుంది. వెళ్లిందీ వచ్చిందీ సమానం, ఆర్‌సీసీబీ కదలదు.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కొన్ని చోట్ల రెండు సర్క్యూట్లకు ఒకే న్యూట్రల్ వాడేస్తారు. నువ్వు ఒక బ్రేకర్ ఆపి నిశ్చింతగా ఉంటావు, రెండో సర్క్యూట్ కరెంటు అదే న్యూట్రల్‌లో పారుతూ ఉంటుంది. విప్పగానే షాక్ కొడుతుంది. త్రీఫేజులో న్యూట్రల్ ఊడితే ఇంకా ఘోరం. లోడు తక్కువున్న ఫేజు మీది వస్తువులకు 230 దాటి 400 వైపు వోల్టేజి ఎగబాకుతుంది, టీవీలూ ఫ్రిజ్‌లూ ఒకేసారి పోతాయి. అందుకని న్యూట్రల్‌ను కూడా ఫేజు లాగే చూడండి. విప్పే ముందు పరీక్షించండి, వీలైతే క్లాంప్ మీటర్ (వైరు విప్పకుండా దాని చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి కరెంటు పారుతోందేమో చూడండి. స్విచ్చు ఫేజులోనే ఎందుకు పెట్టాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది. న్యూట్రల్‌లో పెడితే స్విచ్చు ఆపినా హోల్డర్‌లో 230 అలాగే ఉంటుంది, బల్బు మార్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ప్రశ్న: మొదట ఏ పనిముట్లు కొనుక్కోవాలి? స్క్రూడ్రైవర్ టెస్టర్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. లోపల నియాన్ దీపం ఉండే ఆ టెస్టర్ నీ శరీరం గుండానే ఎర్త్ దారి వెతుక్కుంటుంది. పొడి చెక్క నిచ్చెన మీద మందపాటి బూట్లతో నిలబడ్డా, ఎండ వెలుతురులో చూసినా దీపం కనిపించకపోవచ్చు, అక్కడ కరెంటు మాత్రం ఉంటుంది. పక్క వైరు ప్రభావంతో ఊరికే మినుకుమనడమూ ఉంది. ‘ఉంది’ అని చెబితే నమ్మి దూరంగా ఉండు, ‘లేదు’ అని చెబితే మాత్రం నమ్మకు. రెండు ప్రోబులుండే వోల్టేజి టెస్టర్ కొను. మొదటి డబ్బు దాని మీదే పెట్టు.

మల్టీమీటర్ కొనేటప్పుడు దాని మీద క్యాట్ త్రీ (భవనాల వైరింగ్ మీద కొలవడానికి తగిన భద్రతా తరగతి), 600 వోల్టులు అని ఉందా చూడు, లోపల సరైన ఫ్యూజులున్నాయా అడుగు. కొత్తవాళ్లు ఆంపియర్ల రంధ్రంలో ప్రోబు వదిలేసి వోల్టేజి కొలవడానికి వెళ్తారు. అప్పుడు మీటరే షార్ట్ సర్క్యూట్ అయిపోతుంది. కటింగ్ ప్లయర్, స్క్రూడ్రైవర్ల పిడుల మీద 1000 వోల్టుల గుర్తు ఉన్నవే తీసుకో. రంగు ప్లాస్టిక్ తొడుగున్నంత మాత్రాన ఇన్సులేటెడ్ పనిముట్టు కాదు. వైర్ స్ట్రిప్పర్, క్రింపింగ్ టూల్ తర్వాత. డ్రిల్లింగ్ మెషిన్ ఇప్పుడే వద్దు, పని చేసే చోట ఉంటుంది. చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసి ఇంట్లో పెట్టి రా.

ప్రశ్న: వీడియోలు చూసి ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

జవాబు: టూ వే స్విచ్చు ఎలా పని చేస్తుంది, డ్రాయింగ్ ఎలా చదవాలి, లెక్కలు ఎలా వెయ్యాలి లాంటివి వీడియోలతో బాగానే వస్తాయి. చెక్క పలక మీద, సప్లయి ఏమీ ఇవ్వకుండా, స్విచ్చులూ హోల్డర్లూ బిగించి కంటిన్యుటీ చూసుకోవడం కూడా ఇంట్లో చెయ్యొచ్చు, చెయ్యండి. సప్లయి ఇచ్చే దగ్గర ఆగిపోండి. నువ్వు బిగించిన టెర్మినల్‌ను లాగి చూసి ‘ఇది వదులు’ అని చెప్పే మనిషి వీడియోలో ఉండడు.

ప్రశ్న: నాకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదు. వైర్ల రంగులు గుర్తుపట్టలేనని ఈ ఆశ వదిలేసుకోమంటున్నారు. వదిలేయాలా?

జవాబు: తొందరపడి వదిలేయకు. ముందు రంగుల గురించి ఒక నిజం తెలుసుకో. రంగులు బాగా తెలిసినవాళ్లు కూడా వాటిని నమ్మకూడదు.

బ్రిటన్‌నే చూడు. అక్కడ ఒకప్పుడు మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు. 2004లో కొత్త రంగులకు అనుమతిచ్చి, 2006 మార్చి తర్వాత మొదలయ్యే పనులకు వాటినే తప్పనిసరి చేశారు. కొత్త పద్ధతిలో ఫేజులకు గోధుమ, నలుపు, బూడిద, న్యూట్రల్‌కు నీలం. అంటే నీలం ఫేజు నుంచి న్యూట్రల్‌గా మారింది, నలుపు న్యూట్రల్ నుంచి ఫేజుగా మారింది. పాతవీ కొత్తవీ కలిసిన ఇంట్లో నీలం వైరు చూసి న్యూట్రల్ అనుకున్నవాడి గతి ఏమిటి? అమెరికాలో తెలుపు న్యూట్రల్, నలుపు ఫేజు. ఇంకో దేశానికి పనికి వెళ్లే కుర్రాళ్లు మొదట మరచిపోవాల్సింది తమకు అలవాటైన రంగులనే. ఒకే దేశంలో కూడా స్విచ్చుకు దిగే రెండు వైర్ల కేబుల్‌లో న్యూట్రల్ రంగు వైరే స్విచ్చు నుంచి ఫేజును తిరిగి బల్బుకు తీసుకెళ్తూ ఉంటుంది. దాని చివర్లకు ఫేజు రంగు స్లీవ్ తొడగాలి. తొడగనివాళ్లు చాలామంది.

అందువల్ల వైరు ఏదో తేల్చేది టెస్టర్, కంటిన్యుటీ పరీక్ష, చివరన రాసిన నంబరు. ఇవి నీకూ అందరితో సమానంగా అందుబాటులో ఉన్నవే. ఎర్త్‌కు చాలా దేశాల్లో ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్న వైరు వాడతారు. రంగు సరిగా తెలియకపోయినా చార తెలుస్తుంది, కేబుల్‌లో మిగతా వైర్లకు చార ఉండదు.

అయినా ఒక పని తప్పకుండా చెయ్యి. కళ్ల డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకుని నీకు ఏ రంగులు ఎంత మేరకు తెలియవో కాగితం మీద రాయించుకో. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా రైల్వే సిగ్నళ్ల లాంటి పనుల్లో, రంగుల చూపు పరీక్ష పెడతాయి. ఏళ్లు పెట్టి నేర్చుకున్నాక అది బయటపడితే కష్టం కాబట్టి, నువ్వు వెళ్లాలనుకున్న పనికి ఆ పరీక్ష ఉందో లేదో చేరకముందే కనుక్కో. శిక్షణలో మొదటి రోజే మీ మాస్టారికి చెప్పు, దాచకు. ప్రాక్టీసు బోర్డుల మీద వైర్లకు నంబర్ స్లీవ్‌లు వేసుకోనివ్వమని అడుగు. కంట్రోల్ ప్యానళ్లు తయారుచేసే చోట చాలావరకు నంబర్లతోనే పని నడుస్తుంది, ఆ వైపు వెళ్లే ఆలోచన కూడా పెట్టుకో.